అమ్మాయికి అమెరికా పౌరసత్వం వస్తోంది. ఇండియా పాస్‌పోర్టు కూడా ఉంచుకోవచ్చా? పొలం సంగతేంటి?

మెట్టపొలం (ఒంగోలు)
అందరికీ నమస్కారం. మాది పొదిలి దగ్గర పల్లె, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాం. అమ్మాయి, అల్లుడు డల్లాస్‌లో ఉన్నారు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు దాటాక అమ్మాయి సిటిజన్‌షిప్‌కి పెట్టుకుంది. ఇంటర్వ్యూ అయిపోయింది, వచ్చే నెలలో ప్రమాణం ఉండొచ్చంటోంది.

మొన్న ఒక పెళ్లిలో తలా ఒక మాట చెప్పారు. రెండు దేశాల పాస్‌పోర్టులూ ఉంచుకోవచ్చని ఒకరు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) తీసుకుంటే అదే రెండో పౌరసత్వమని ఇంకొకరు, పొలం మొత్తం పోతుందని మరొకరు. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద అమ్మాయి పేరున రెండెకరాలు రిజిస్టర్ చేశాం. అప్పటికి తను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, అమెరికా మాటే లేదు. ఇంకో నాలుగెకరాలు నా పేరున ఉంది. ప్రమాణానికి ముందే ఆ నాలుగెకరాలకూ గిఫ్ట్ డీడ్ రాసేయమని డాక్యుమెంట్ రైటర్ తొందరపెడుతున్నాడు. మనవడేమో అక్కడే పుట్టాడు. ఏది నిజమో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నాగట్టు (నెల్లూరు)
అభినందనలు అన్నా. రెండూ ఉంచుకోవడం కుదరదు. అమెరికా ఒప్పుకుంటుందన్నది నిజమే, ఒప్పుకోనిది మన చట్టం. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 రెండూ చెప్పేది ఒకటే. తనంతట తాను ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న మనిషి భారత పౌరసత్వం పోతుంది. దీనికి ఎవరూ ఆర్డర్ ఇవ్వక్కర్లేదు, ప్రమాణం చేసిన రోజే పోతుంది.

కావలి_కుర్రాడు (ఫ్రిస్కో)
అంకుల్, మరీ అంత భయపడొద్దు. ఇక్కడ నాకు తెలిసిన ఒకాయన సిటిజన్ అయ్యాక కూడా పాత ఇండియా పాస్‌పోర్టు మీద ఊరికి వచ్చి వెళ్లాడు, ఎవరూ అడగలేదు. పొలం విషయంలో మీ డాక్యుమెంట్ రైటర్ చెప్పిందే కరెక్ట్ అనుకుంటున్నా. ఇప్పుడు అక్క ఇంకా ఇండియన్ సిటిజనే కదా. ప్రమాణం అయ్యాక అయితే కష్టం. వెంటనే గిఫ్ట్ రాయించండి.

అద్దంకి_ప్లీడరు
తమ్ముడూ, ఈ రెండు సలహాలూ వింటే ఆ కుటుంబం చిక్కుల్లో పడుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు పాస్‌పోర్టు. పౌరసత్వం పోయాక ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చేయడం పాస్‌పోర్టు చట్టం కింద నేరం. ఎవరూ అడగకపోతే నేరం కాకుండా పోదు. పదేళ్ల తర్వాత ఓసీఐకి పెట్టుకున్నప్పుడు అమెరికా పౌరసత్వం వచ్చిన తేదీ, పాత పాస్‌పోర్టు మీద ముద్రల తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడు జరిమానా ఉంటుంది, సంజాయిషీ రాసివ్వాల్సి ఉంటుంది. పద్ధతి ఏంటంటే, ప్రమాణం కాగానే పాస్‌పోర్టు సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఓసీఐకి ఆ సర్టిఫికెట్ అడుగుతారు.

ఇక గిఫ్ట్ డీడ్. చాలామంది పొరబడేది ఇక్కడే. వ్యవసాయ భూమి విషయంలో ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం ముందు చూసేది మనిషి ఏ దేశంలో నివాసం ఉంటున్నాడన్నది. అమ్మాయి చేతిలో ఇండియా పాస్‌పోర్టు ఉన్నా డల్లాస్‌లో ఉంటోంది కాబట్టి ఎన్నారైనే. ఎన్నారై అయినా, ఓసీఐ అయినా వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోట కొనకూడదు. దానంగా కూడా తీసుకోకూడదు. అంటే ప్రమాణానికి ముందు రాసినా తర్వాత రాసినా ఆ గిఫ్ట్ డీడ్ చెల్లని పనే. సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేసినంత మాత్రాన ఫెమా ఊరుకోదు. ఉల్లంఘన జరిగితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా పెనాల్టీ వేసే అధికారం ఆ చట్టంలో ఉంది.

దారి ఒక్కటే, వారసత్వం. మీరు వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి. మీ తదనంతరం ఆ నాలుగెకరాలు అమ్మాయికి వస్తాయి, ఏ దేశ పౌరురాలైనా సరే. వారసత్వంగా వచ్చే వ్యవసాయ భూమికి అడ్డు లేదు.

పసుపు కుంకుమ భూమికి ఏ భయమూ లేదు. ఇక్కడ నివాసం ఉన్నప్పుడు సంపాదించిన ఆస్తిని విదేశాలకు వెళ్లాక కూడా ఉంచుకోవచ్చని ఫెమా సెక్షన్ 6(5) స్పష్టంగా చెబుతోంది. రిజిస్ట్రేషన్ తేదీ నాటికి అమ్మాయి ఇక్కడే ఉందనడానికి ఉద్యోగం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రంగా ఉంచండి. ఆ భూమి ఎప్పుడైనా అమ్మాలంటే మాత్రం ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి.

మెట్టపొలం (ఒంగోలు)
ప్లీడరు గారూ, మీ మాటతో గుండె కుదుటపడింది. గిఫ్ట్ డీడ్ స్టాంపు డబ్బులు రేపే కట్టేవాడిని. ఇంకో సంగతి. నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపు నా పేరున కొన్ని అంకణాల ఇంటి స్థలం ఉంది. అది ఇవ్వొచ్చా?

అద్దంకి_ప్లీడరు
ఇవ్వొచ్చు. ఇళ్లు, ఇంటి స్థలాలు, ఫ్లాట్లు, షాపులకు ఆ నిషేధం లేదు. ఎన్నారై కూతురికైనా ఓసీఐ కూతురికైనా తండ్రి దానంగా రాయొచ్చు. కాకపోతే ఆ స్థలం కాగితాల్లో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉందేమో చూడండి. లేఅవుట్ పేరు చెప్పి పొలాన్నే ముక్కలు చేసి అమ్మినవి మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం)తో పాటు అడంగల్ (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు) కూడా తీయండి.

రొయ్యలచెరువు (కొత్తపట్నం)
మంచి సమాచారం. మా బావమరిది ఆస్ట్రేలియా సిటిజన్. రొయ్యల చెరువుల్లో వాటాకి భూమి కొందామని వచ్చాడు. ఆ భూమి రికార్డుల్లో వ్యవసాయ భూమే అని తేలి ఆగిపోయాడు.

బెర్లిన్_నుంచి
మాది సింగరాయకొండ. జర్మనీ సంగతి చెబుతా, ఇక్కడి మనవాళ్లలో పెద్ద గందరగోళం ఉంది. 2024 జూన్ 27 నుంచి జర్మనీ కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు యూరప్ బయటి దేశాలవాళ్లు చాలావరకు పాత పౌరసత్వం వదులుకుంటేనే జర్మన్ పౌరసత్వం ఇచ్చేవాళ్లు. ఇప్పుడు వదులుకోమని అడగడం లేదు, నివాసం గడువు కూడా ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించారు. ఆ వార్త చూసి మా ఆఫీసులో ఇద్దరు తెలుగువాళ్లు ఇక రెండూ ఉంచుకోవచ్చని సంబరపడ్డారు. టర్కీ వాళ్లకు కలిసొచ్చింది కానీ మనకు ఏమీ మారలేదు. జర్మనీ తలుపు తీసినా మన తలుపు మూసే ఉంది కదా.

స్వీడన్ 2001లో, డెన్మార్క్ 2015లో, నార్వే 2020లో రెండు పౌరసత్వాలకు ఒప్పుకున్నాయి. ఆస్ట్రియా ఇంకా గట్టిగానే ఉంది. యూరప్ అంతా ఒకే రూలు అనుకోవద్దు.

పెన్నాగట్టు (నెల్లూరు)
జర్మనీ అంటే వేములవాడ కేసు గుర్తొచ్చింది. చెన్నమనేని రమేష్ గారు అక్కడి నుంచి ఎన్నోసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన పౌరసత్వం మీద ఏళ్ల తరబడి కేసు నడిచి, 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడే అని తేల్చింది. 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది కూడా. అంతటి మనిషికే తప్పలేదు, మామూలు జనం రెండు పాస్‌పోర్టులు దాచిపెట్టుకుని నెట్టుకురాగలరా?

మెల్‌బోర్న్_మామిడి
ఆస్ట్రేలియాలో 2017లో ఇలాంటిదే ఇంకా పెద్దగా జరిగింది. ఇక్కడ 2002 ఏప్రిల్ నుంచి మామూలు పౌరులు ఎన్ని దేశాల పౌరసత్వమైనా ఉంచుకోవచ్చు. కానీ రాజ్యాంగం 44వ సెక్షన్ ప్రకారం పార్లమెంటు సభ్యులకు ఇంకో దేశ పౌరసత్వం ఉండకూడదు. ఉపప్రధాని బార్నబీ జాయిస్‌కి తండ్రి వైపు నుంచి న్యూజిలాండ్ పౌరసత్వం ఉందని తేలింది. ఆయన అడిగి తీసుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. అయినా హైకోర్టు సీటు చెల్లదంది. అది వదులుకుని మళ్లీ పోటీ చేసి గెలిచాడు.

నాది ఉలవపాడు. సిటిజన్‌షిప్ తీసుకుని ఓసీఐ మీద వస్తూ పోతూ ఉన్నా. మా పిలకాయలకు ఇక్కడి జీవితమే తెలుసు. నేను తీసుకున్న నిర్ణయం వాళ్లకు మంచిదే అయింది. కానీ మా ఊళ్లో ఎన్నికలప్పుడు అమ్మ వేలికి సిరా ఫోటో పెడితే మాత్రం మనసు కలుక్కుమంటుంది.

డల్లాస్_వదిన
మెట్టపొలం బాబాయ్ గారూ, ఒక్క విషయం మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ప్రమాణం జరిగే హాల్లోనే గ్రీన్ కార్డు వెనక్కి తీసేసుకుంటారు. చేతికి సర్టిఫికెట్ కాగితం ఒకటి ఇస్తారు. ఆ అసలు సర్టిఫికెట్‌నే అమెరికా పాస్‌పోర్టు దరఖాస్తుతో పంపాలి. అది తిరిగొచ్చేదాకా చేతిలో ఏమీ ఉండదు. ఇండియా పాస్‌పోర్టు వాడకూడదు, అమెరికా పాస్‌పోర్టు ఇంకా రాలేదు, ఓసీఐకి పెట్టాలంటే అదే కావాలి.

సరిగ్గా ఆ గ్యాప్‌లో కావలిలో మా నాన్నకు గుండెపోటు వచ్చింది. అర్జెంటు పాస్‌పోర్టుకి అపాయింట్‌మెంట్ పట్టుకుని, తర్వాత ఎమర్జెన్సీ వీసా కోసం తిరిగి, చెన్నై ఎయిర్‌పోర్టులో దిగి టాక్సీలో నెల్లూరు దాటేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాస్తున్నా. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోకపోతే ప్రమాణం తేదీ వాయిదా అడగొచ్చు. లేదా ముందే ఒకసారి వచ్చి చూసి వెళ్లమనండి. ప్రమాణం అయిన వారంలోనే పాస్‌పోర్టుకి ఎక్స్‌పెడైటెడ్ ఫీజు కట్టి పెట్టేయాలి. అది రాగానే సరెండర్, ఓసీఐ పనులు మొదలుపెట్టాలి. ఓసీఐ ఆలస్యమైతే ఈలోపు ఈ-వీసా మీదైనా రావచ్చు.

మెట్టపొలం (ఒంగోలు)
తల్లీ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మా ఆవిడకు బీపీ ఉంది. అమ్మాయిని ఈ నెలలోనే ఒకసారి రమ్మని చెప్పాను.

కనిగిరి_సింగపూర్
సింగపూర్ పద్ధతి అమెరికాకి పూర్తిగా వేరు. ఇక్కడ రెండు పౌరసత్వాలు అసలు ఒప్పుకోరు. సిటిజన్ అవ్వాలంటే ఇండియా పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం చూపించాలి. పుట్టుకతో ఇంకో పౌరసత్వం ఉన్న పిల్లలు 21 నిండాక ఏడాదిలోపు ప్రమాణం చేసి రెండోది వదలకపోతే సింగపూర్ పౌరసత్వమే పోతుంది. పీఆర్‌గా (శాశ్వత నివాసిగా) ఉంటే ఇండియా పాస్‌పోర్టు ఉంటుంది, కానీ మగపిల్లలకు పీఆర్ తీసుకుంటే 18 దాటాక రెండేళ్ల నేషనల్ సర్వీస్ తప్పదు. మాకు ఒక్కడే కొడుకు, ఈ విషయం మీద ఇంట్లో చాలా వాదన జరిగింది. పౌరసత్వం అంటే పాస్‌పోర్టు రంగు ఒక్కటే కాదు, ఆ దేశం అడిగితే తుపాకీ పట్టుకోవడానికి కూడా ఒప్పుకున్నట్టే. దక్షిణ కొరియా, టర్కీలో కూడా సైనిక సేవ తప్పనిసరి. రెండు పౌరసత్వాలు ఉన్నవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు.

కువైట్_ఇందుకూరుపేట
మా బాధలు వేరు. ఇక్కడ ఇరవై ఏళ్లు ఉన్నా పౌరసత్వం ఇవ్వరు, పీఆర్ కూడా లేదు. అఖామా (నివాస అనుమతి) ఉన్నంతకాలం ఉంటాం, లేకపోతే ఇంటికి. కువైట్ తన పౌరులకు కూడా రెండో పౌరసత్వం ఒప్పుకోదు. పక్కన యూఏఈ 2021లో కొందరు డాక్టర్లు, సైంటిస్టులు, పెట్టుబడిదారుల వంటివాళ్లకు పాత పౌరసత్వం ఉంచుకునేలా దారి తీసింది. అది ప్రభుత్వం ఎంపిక చేసినవాళ్లకే, మాలాంటి డ్రైవర్లకు కాదు.

మా వైపు నుంచి గల్ఫ్‌కి వచ్చే తమ్ముళ్లకు ఒకటే మాట. ఇక్కడ పిలకాయలు పుడితే ఇక్కడి పౌరసత్వం రాదు. 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ భారత పౌరుడు కావాలంటే పుట్టిన ఏడాదిలోపు ఎంబసీలో రిజిస్టర్ చేయాలి. ఆలస్యమైతే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. జీతం రాలేదనో, సెలవు దొరకలేదనో వాయిదా వేసి బిడ్డను ఏ దేశమూ లేనివాడిగా చేయకండి.

మెట్టపొలం (ఒంగోలు)
ఆ రిజిస్ట్రేషన్ మా మనవడికి చేయలేదు. ఇప్పుడేం చేయాలి?

అద్దంకి_ప్లీడరు
మీ మనవడి సంగతి వేరు. అమెరికా గడ్డ మీద పుట్టాడు కాబట్టి పుట్టుకతో అమెరికా పౌరుడు. కాన్సులేట్‌లో రిజిస్టర్ చేయాలంటే బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. బాబుకి అమెరికా పాస్‌పోర్టు తీసే ఉంటారు, కాబట్టి ఆ దారి లేదు. ఓసీఐ తీసుకుంటే సరిపోతుంది. పిల్లల ఓసీఐకి 20 ఏళ్ల లోపు పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు కాపీ, ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టాలి. 20 దాటాక కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడు ఓసీఐ ఒకసారి మళ్లీ తీసుకోవాలి.

నీట్_టెన్షన్ (నెల్లూరు)
ఓసీఐ పిల్లల చదువు గురించి కూడా చెప్పండి సార్. మా అక్క కూతురు అమెరికాలో పుట్టింది, ఇక్కడే మా దగ్గర ఉండి నెల్లూరులో ఇంటర్ చదువుతోంది. మెడిసిన్ అంటోంది.

అద్దంకి_ప్లీడరు
ముందు ఓసీఐ కార్డు ఎప్పుడు వచ్చిందో చూడమ్మా. 2021 మార్చి 4న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. నీట్, జేఈఈ లాంటి వాటిలో ఓసీఐ వాళ్లు ఎన్నారై సీట్లకే పోటీ పడాలని అందులో ఉంది. అంతకు ముందు ఓసీఐ ఉన్నవాళ్లకు ఇది వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కార్డు తేదీ ఆ నోటిఫికేషన్‌కి ముందుదైతే జనరల్ సీట్లకు అవకాశం ఉంది. తర్వాతదైతే ఎన్నారై కోటా ఫీజుకి సిద్ధపడాలి. కౌన్సెలింగ్ దాకా ఆగకుండా ఇప్పుడే తేల్చుకోండి.

లండన్_బామ్మర్ది
బ్రిటన్‌లో ఒక విచిత్రం ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ చట్టబద్ధంగా నివసించే భారత పౌరులు ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. నేను ఇండియా పాస్‌పోర్టుతోనే ఓటు వేశా. ఓటు కోసమైతే పౌరసత్వం మార్చుకోవాల్సిన పని లేదు. అందుకే ఐఎల్ఆర్ (ఇక్కడి శాశ్వత నివాస అనుమతి) మీద ఆగిపోయా. బ్రిటన్ రెండు పౌరసత్వాలకు అడ్డు చెప్పదు, కెనడా కూడా 1977 నుంచి అంతే. అయినా మనవాళ్లకు లాభం లేదు.

గుండ్లకమ్మ
నాకొక ప్రశ్న. అసలు మన దేశం ఎందుకు ఒప్పుకోదు? 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. వీళ్లందరూ దేశం మీద ప్రేమ లేక వదిలారా? వీసా లైన్లలో నిలబడలేక, తల్లిదండ్రులను పిలిపించుకోలేక వదిలారు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు అమ్మానాన్నలను స్పాన్సర్ చేయలేరు, 21 నిండిన సిటిజన్ అయితే చేయగలరు. అంటే కన్నవాళ్లను దగ్గర ఉంచుకోవడానికి పుట్టిన దేశాన్ని వదలాల్సి వస్తోంది. ఇది న్యాయమా?

పెన్నాగట్టు (నెల్లూరు)
బాధ అర్థమైంది అక్కా. కానీ నేను ఒప్పుకోను. కరువు వచ్చినా కరోనా వచ్చినా ఇక్కడే ఉండి పన్ను కట్టి, ఆ ప్రభుత్వం కిందే బతికేవాడికి ఉన్న ఓటు, కష్టం వస్తే వేరే దేశానికి వెళ్లిపోగలిగినవాడికి కూడా ఉండాలంటే ఎలా? సరిహద్దు గొడవలున్న దేశం మనది, రెండు చోట్ల విధేయత అంటే అనుమానాలు తప్పవు. శ్రీలంక 2022లో రాజ్యాంగం సవరించి రెండు పౌరసత్వాల వాళ్లను పార్లమెంటుకి రాకుండా చేసింది. ఊరికే చేయలేదు కదా.

గుండ్లకమ్మ
శ్రీలంక పార్లమెంటుకే వద్దంది, మామూలు మనిషికి అనుమతితో రెండు పౌరసత్వాలు ఇస్తోంది. నేను అడిగేదీ అదే. ఎమ్మెల్యే పదవి వద్దు, ప్రభుత్వ ఉద్యోగం వద్దు. మా తాత దున్నిన చేను పక్కన అరెకరం అమ్మకానికి వస్తే కొనుక్కునే హక్కు ఇవ్వండి చాలు. పుట్టిన ఊళ్లో విదేశీయులం అనిపించుకోకుండా ఉండాలని ఉంది. 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో ఓసీఐ మొదలైనప్పుడు అందరం ఇది మొదటి మెట్టు అనుకున్నాం. ఇన్నేళ్లయినా రెండో మెట్టు రాలేదు. పైగా 2021లో జర్నలిజం, పరిశోధన లాంటి పనులకు ప్రత్యేక అనుమతి కావాలన్నారు.

మెల్‌బోర్న్_మామిడి
ఈ విషయంలో నేను గుండ్లకమ్మ గారి వైపే. కానీ అమ్మాయికి ఇప్పుడు కావాల్సింది ఉన్న చట్టంలో ఇబ్బంది లేకుండా బయటపడటం. ఓసీఐ అంటే జీవితకాలం వీసా. ఎన్నాళ్లున్నా పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఓటు లేదు, పౌరసత్వం కాదు. అంతవరకు తెలిసి తీసుకుంటే నిరాశ ఉండదు.

డల్లాస్_వదిన
ఇంకొకటి. అమెరికా తన పౌరులు ఎక్కడ సంపాదించినా లెక్క అడుగుతుంది. మీ అమ్మాయికి ఇండియాలో బ్యాంకు ఖాతాలుంటే, విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు ఇవ్వాలి. గ్రీన్ కార్డు ఉన్నప్పటి నుంచే ఇది ఉంది, చాలామంది ఇవ్వరు. రెండెకరాల కౌలు డబ్బులు కూడా అమెరికా పన్ను రిటర్న్‌లో చూపించాలి.

మెట్టపొలం (ఒంగోలు)
కౌలు డబ్బులు అమ్మాయి పాత సేవింగ్స్ ఖాతాలో వేస్తున్నాం. అది సరేనా? తన పేరున పీఎం కిసాన్ కూడా పడుతోంది.

అద్దంకి_ప్లీడరు
ఆ ఖాతాను ఎన్ఆర్ఓ (ఎన్నారైలు ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే) ఖాతాగా మార్చాలి. ఎన్నారై అయిన రోజు నుంచే మార్చాల్సింది, బ్యాంకుకి వెళ్లి ఇప్పుడైనా రాసివ్వండి. పీఎం కిసాన్‌కి ఎన్నారైలు అర్హులు కారు. రైతు సేవా కేంద్రంలో చెప్పి ఆపించి, వచ్చిన డబ్బు వాపసు కట్టేయండి. పాన్ కార్డు ఉంచుకోవచ్చు. పొలం పాసుపుస్తకం అలాగే ఉంటుంది.

ఓటర్ల జాబితాలో అమ్మాయి పేరు మీ పల్లెలో ఇంకా ఉంటే, ప్రమాణం తర్వాత ఫారం 7 ఇచ్చి తీయించండి. అల్లుడు ఇండియా పాస్‌పోర్టు మీదే ఉంటే ఆయనకు ఓటు హక్కు ఉంటుంది. ఫారం 6ఎ పెట్టుకుంటే విదేశీ ఓటరుగా పేరు చేరుస్తారు. ఓటు వేయడానికి మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని పోలింగ్ బూత్‌కి స్వయంగా రావాలి.

మెట్టపొలం (ఒంగోలు)
అల్లుడు ఇండియా పాస్‌పోర్టు మీదే ఉంటానంటున్నాడు. ఫారం 6ఎ సంగతి ఇవాళ రాత్రి ఫోన్‌లో చెబుతా. సోమవారం వీలునామా కాగితాలు తీసుకుని అద్దంకి వస్తాను సార్. మీ ఆఫీసు అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి.

అద్దంకి_ప్లీడరు
పెట్టాను. వచ్చేటప్పుడు పాసుపుస్తకం, వన్ బి (భూమి హక్కు రికార్డు), ఆధార్ తెచ్చుకోండి. వయసులో మీకంటే చిన్నవాళ్లు ఇద్దరు సాక్షులుగా ఉంటే మంచిది.